మన కాలేజీ బౌల్ గేమ్ చూడ్డానికి ఊరు దాటి వెళ్ళాలంటే

2024 డిసెంబర్ 8, ఆదివారం పొద్దున పది. అరిజోనాలోని చాండ్లర్‌లో మా ఇంట్లో పొయ్యి మీద ఉప్మా, టీవీలో అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ (ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్ ఆటలు) జాబితా. ముందురోజే మా యూనివర్సిటీ జట్టు అరిజోనా స్టేట్ బిగ్ 12 అనే కాన్ఫరెన్స్ (అంటే లీగ్) ఫైనల్లో అయోవా స్టేట్‌ని 45-19 తేడాతో ఓడించింది. సీజన్ మొదలవక ముందు, ఆ లీగ్‌లోని 16 జట్లలో ఆఖరిది మా జట్టే అవుతుందని అంచనా వేశారు. అదే జట్టుకి ఇప్పుడు నాలుగో సీడ్, జనవరి 1న అట్లాంటాలో పీచ్ బౌల్. బౌల్ అంటే మామూలు సీజన్ అయ్యాక, ఎక్కువగా వేరే ఊళ్ళో ఆడే ప్రత్యేకమైన ఆట. నేను ఈ యూనివర్సిటీలో మాస్టర్స్ చేశాను. చాలామంది తెలుగు పిల్లల్లాగే మొదటి ఏడాది ఫుట్‌బాల్ వైపు కన్నెత్తి చూడలేదు. రెండో ఏడాది ఎవరో మిగిలిన టికెట్ ఇస్తే వెళ్ళాను, ఇక వదల్లేదు.

జాబితా పూర్తవగానే మా ఆవిడ అడిగిన మొదటి మాట "వెళ్దామా?" వెంటనే రెండో మాట "ఎంతవుతుంది?" ఈ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పడానికి మీకు దొరికే టైమ్ చాలా తక్కువ. ఏ పని ముందు చేయాలో, ఏది ఆగి చేయాలో తెలిస్తే టెన్షన్ సగానికి తగ్గుతుంది. నేను తెలుసుకున్నది వరసగా చెప్తాను.

నవంబర్‌లోనే చేయాల్సింది: సెలవు

థాంక్స్‌గివింగ్ వారాంతంతో మామూలు సీజన్ అయిపోతుంది. ఆ తర్వాతి వారం కాన్ఫరెన్స్ ఫైనల్స్. ఆ మర్నాడు ఆదివారం ఎవరు ఏ బౌల్‌కి వెళ్తారో ప్రకటిస్తారు. మీ జట్టు పన్నెండు ఆటల్లో ఆరు గెలిచిందంటే బౌల్‌కి అర్హత వచ్చినట్టే. దాదాపు నలభై బౌల్స్ ఉన్నాయి, డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి రోజుల దాకా నడుస్తాయి. అంటే ప్రకటన వచ్చాక మీ చేతిలో మిగిలేది ఒక్కోసారి ఒక్క వారం, మహా అయితే మూడున్నర.

అందుకని ఆరో గెలుపు రాగానే మీ మేనేజర్‌తో మాట్లాడండి. డిసెంబర్ చివర్లో ఇండియా వెళ్ళేవాళ్ళు ముందే సెలవులు పెట్టేసుకుంటారు, టీమ్‌లో ఎవరో ఒకరు ఆన్‌కాల్ ఉండాలి. ఆ పని మీ మెడకు చుట్టుకున్నాక విమానం టికెట్ ఎంత చవగ్గా దొరికినా లాభం లేదు. "డిసెంబర్ 26 నుంచి జనవరి 2 మధ్య మూడు రోజులు కావాలి, ఏ మూడు అన్నది ఎనిమిదో తారీఖున చెప్తాను" అని నేను అడిగాను. ఒప్పుకున్నారు.

వెళ్ళాలా వద్దా

ఈ ప్రశ్నని ఒకే రకంగా వేసుకోండి: మన జట్టు ఓడిపోయినా, ఆ ఊరు వెళ్ళినందుకు మనం సంతోషంగా తిరిగి వస్తామా? అవునంటే బయల్దేరండి. గెలుస్తారనే నమ్మకం ఒక్కదాని మీదే వెళ్తున్నట్టయితే టీవీలో చూడటమే నయం.

ఎందుకంటే బౌల్‌లో మీరు చూసే జట్టు సీజనంతా చూసిన జట్టు కాకపోవచ్చు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళబోయే కుర్రాళ్ళు చాలామంది దెబ్బ తగులుతుందని బౌల్ ఆడరు. 2016లో క్రిస్టియన్ మెకాఫ్రీ, లియోనార్డ్ ఫోర్నెట్ అలా తప్పుకున్నప్పటి నుంచి ఇది మామూలైపోయింది. వేరే యూనివర్సిటీకి మారిపోయేవాళ్ళు ఇంకొందరు. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13-0తో ఉండి కూడా ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. ఆరెంజ్ బౌల్‌కి చాలామంది ముఖ్యమైన ఆటగాళ్ళు లేకుండా వెళ్ళి జార్జియా చేతిలో 63-3 తేడాతో ఓడిపోయింది. ఆ రోజు స్టేడియంలో కూర్చున్న ఫ్లోరిడా స్టేట్ అభిమానుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది. 2025లో నోటర్ డామ్ ప్లేఆఫ్‌కి ఎంపిక కాలేదని అసలు బౌల్ ఆడటానికే ఒప్పుకోలేదు. ప్లేఆఫ్ ఆటల్లో మాత్రం ఈ బెడద తక్కువ, ఆడగలిగిన దాదాపు ప్రతివాడూ ఆడతాడు.

ఖర్చు లెక్క కాగితం మీద వేయండి: పడక, ప్రయాణం, ఆ ఊళ్ళో తిరగడం, తిండి, టికెట్. నలుగురి కుటుంబానికి చాలాసార్లు ఆట టికెట్ కంటే మిగతావే ఎక్కువవుతాయి. ఇది చూసుకోకుండా టికెట్ ధర ఒక్కటే చూసి "అబ్బో" అనో "ఇంతేనా" అనో అనుకుంటాం.

ముందు గది, అది కూడా డబ్బు వెనక్కి వచ్చే గది

ఆదివారం ప్రకటన వచ్చిన గంటలో చేయాల్సింది ఇదే. ఉచితంగా క్యాన్సిల్ చేసుకోగలిగే హోటల్ గది బుక్ చేయండి. ధర కాస్త ఎక్కువైనా సరే. ఎప్పటిదాకా క్యాన్సిల్ చేయవచ్చో ఆ తేదీ, గంట చూసి ఫోన్లో అలారం పెట్టుకోండి. ఆ గంట హోటల్ ఉన్న ఊరి టైమ్ ప్రకారం. అరిజోనా నుంచి చూస్తే అట్లాంటా చలికాలంలో రెండు గంటలు ముందుంటుంది.

ప్రకటన రాకముందే ఊహించి బుక్ చేసేవాళ్ళున్నారు. ఆ తెలివి నేనూ చూపించాను. 2021లో మా జట్టు శాన్ ఆంటోనియోలో అలమో బౌల్‌కి వెళ్తుందని అందరూ అంటుంటే, చవగ్గా ఉందని డబ్బు వెనక్కి రాని గది తీసుకున్నాను. జట్టు లాస్ వేగస్ వెళ్ళింది. ఆ డబ్బు పోయింది. ఊహించి బుక్ చేయడం తప్పు కాదు, వెనక్కి రాని డబ్బుతో ఊహించకూడదు.

జరిగిన సంగతులు చూస్తే ఇది నా ఒక్కడి చాదస్తం కాదని తెలుస్తుంది. 2018 డిసెంబర్ 26న డాలస్‌లో ఫస్ట్ రెస్పాండర్ బౌల్ మొదలయ్యాక పిడుగుల వల్ల ఆపేశారు, ఇక జరగనే లేదు. 2021లో శాన్ డియేగోలో హాలిడే బౌల్, జట్టులో కోవిడ్ వల్ల, ఆటకి కొన్ని గంటల ముందు రద్దయింది. 2025 జనవరి 1 తెల్లవారుజామున న్యూ ఆర్లీన్స్‌లో బోర్బన్ స్ట్రీట్ దాడి జరిగి, ఆ రాత్రి ఆడాల్సిన షుగర్ బౌల్‌ని మర్నాటికి మార్చారు. అప్పటికే ఆ ఊరు చేరుకున్నవాళ్ళ గదుల సంగతి, తిరుగు విమానాల సంగతి ఆలోచించండి.

ఇక మనవాళ్ళకి ఇంకో దారి ఉంది, చుట్టాలు. అట్లాంటా చుట్టుపక్కల కమ్మింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్ నిండా తెలుగువాళ్ళే. మా పెదనాన్నగారి అబ్బాయి కమ్మింగ్‌లో ఉంటాడు. "హోటల్ ఏంట్రా, ఇంటికి రండి" అన్నాడు. వెళ్ళాం. కానీ ఒక సంగతి: కమ్మింగ్ నుంచి స్టేడియం దాదాపు నలభై మైళ్ళు. ఆట రోజు అంత దూరం కారులో డౌన్‌టౌన్‌కి వెళ్ళి పార్కింగ్ వెతకొద్దు. నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్‌లో కారు పెట్టి మార్టా రైలు ఎక్కండి. ఫైవ్ పాయింట్స్‌లో మారితే వైన్ సిటీ స్టేషన్ స్టేడియం పక్కనే. చుట్టాలింట్లో దిగితే ఇంకో మాట కూడా ముందే చెప్పేయండి: జనవరి 1 మధ్యాహ్నం భోజనానికి మేం ఉండం అని. కొత్త సంవత్సరం రోజు వదినగారు పాయసం చేసి ఎదురు చూస్తుంటే మనం స్టేడియంలో ఉండటం బాగుండదు.

తర్వాత విమానం

అమెరికాలో ఒక నియమం మనకి బాగా పనికొస్తుంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు, ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొన్న టికెట్‌ని ఇరవైనాలుగు గంటల్లోపు రద్దు చేసుకుంటే డబ్బంతా వెనక్కి రావాలి. కొన్ని ఎయిర్‌లైన్లు డబ్బు కట్టకుండానే ఆ ఇరవైనాలుగు గంటలు ధర పట్టి ఉంచుతాయి. కాబట్టి ఆదివారం నాడే కొనేయండి, రాత్రికి ఇంట్లో అందరూ మాట్లాడుకోండి, మనసు మారితే సోమవారం పొద్దున రద్దు చేయండి. అభిమానులంతా ఒకేసారి వెతుకుతుంటే ధరలు కళ్ళముందే ఎక్కుతాయి. ఆలోచించి కొందాం అనుకుంటే ఆలోచన పూర్తయ్యేసరికి ధర పెరిగిపోతుంది.

ఆట ముందురోజు రాత్రి దిగే విమానం తీసుకోకండి. చలికాలం, సెలవులు, ఒక్క మంచు తుపాను చాలు. ముందురోజు పొద్దున దిగేలా చూసుకుంటే ఒక విమానం తప్పినా ఇంకోటి ఉంటుంది.

ప్లేఆఫ్‌లో ఉన్న జట్టయితే లెక్క మారుతుంది. 2024 నుంచి పన్నెండు జట్ల ప్లేఆఫ్. మొదటి నాలుగు సీడ్లు నేరుగా క్వార్టర్ ఫైనల్‌కి వెళ్తాయి, ఎక్కడ ఆడేదీ ఆదివారమే తెలిసిపోతుంది. మాకు ఇరవైనాలుగు రోజులు దొరికింది అందుకే. మిగతా ఎనిమిది జట్లు డిసెంబర్‌లో ఏదో ఒక క్యాంపస్‌లో మొదటి రౌండ్ గెలిచాకే ముందుకి. మా ప్రత్యర్థి టెక్సాస్ అని డిసెంబర్ 21 దాకా మాకే తెలియదు. ఆ టెక్సాస్ అభిమానులకి దొరికింది పదకొండు రోజులు. గెలుస్తూ పోతే సెమీఫైనల్, ఫైనల్ కూడా ఉంటాయి. అన్నిటికీ వెళ్ళడం ఏ కొద్దిమందికో తప్ప కుదరదు, కాబట్టి ఏ ఒక్క ఆటకి వెళ్తారో ముందే అనుకోండి. నా మాట అడిగితే మొదట దొరికిన దానికే వెళ్ళండి. రెండోది రాకపోవచ్చు. మాకు రాలేదు.

ఆట టికెట్

ప్రతి బౌల్‌లోనూ రెండు యూనివర్సిటీలకీ కొన్ని టికెట్లు కేటాయిస్తారు. వాటిని ముందు సీజన్ టికెట్ ఉన్నవాళ్ళకి, విరాళాలు ఇచ్చినవాళ్ళకి, విద్యార్థులకి ఇచ్చి, మిగిలినవి అందరికీ అమ్ముతారు. ఆదివారమే యూనివర్సిటీ టికెట్ ఆఫీస్‌లో మీ పేరు నమోదు చేయండి. ఇప్పుడు చదువుతున్నవాళ్ళయితే స్టూడెంట్ టికెట్ల గురించి వచ్చే మెయిల్ కోసం స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి, అవి గంటల్లో అయిపోతాయి. వీటిలో దొరికితే లాభం ధర ఒక్కటే కాదు, మన రంగు చొక్కాల మధ్య కూర్చుంటాం.

నాకు దొరకలేదు. రీసేల్‌లో కొన్నాను. అక్కడ చూసుకోవాల్సినవి చెప్తాను. యూనివర్సిటీకి ఏ సెక్షన్లు ఇచ్చారో టికెట్ ఆఫీస్‌ని అడిగి, వాటికి దగ్గర్లో వెతకండి. పిల్లలు ఉంటే సీట్లు విడదీయకండి, "ఒకే వరస" అని ఉందో లేదో చూడండి. 2025 మే నుంచి టికెట్ అమ్మే సైట్లు ఫీజులతో కలిపి మొత్తం ధర మొదటే చూపించాలని ఫెడరల్ నియమం వచ్చింది, కాబట్టి సైట్ల మధ్య పోల్చడం ఇప్పుడు తేలిక. టికెట్ ఫోన్లోకే వస్తుంది, స్క్రీన్‌షాట్ గేటు దగ్గర పనిచేయదు. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దాన్ని ఫోన్ వాలెట్‌లోకి ఎక్కించండి. డెబ్బై వేలమంది ఒక్కచోట చేరితే నెట్‌వర్క్ కదలదు, అప్పుడు గేటు ముందు నిలబడి చక్రం తిరుగుతుంటే చూస్తూ ఉండాలి.

ఎప్పుడు కొనాలి? ప్లేఆఫ్ కాని బౌల్ అయితే ఆగండి. రెండు జట్ల అభిమానులూ దూరం నుంచి రావాలి, రాలేనివాళ్ళు చివరి రోజుల్లో ధర తగ్గించి అమ్ముకుంటారు. ప్లేఆఫ్ అయితే, అందులోనూ ఎన్నాళ్ళకో వచ్చిన జట్టయితే, మీకు సరేననిపించిన ధర కనబడగానే కొనేయండి. ఆ తర్వాత మళ్ళీ ధర చూడకండి.

దగ్గరి ఊరైతే కారు

2025లో మా జట్టుకి ఎల్ పాసోలో సన్ బౌల్ వచ్చింది, డిసెంబర్ 31న డ్యూక్‌తో. ఫీనిక్స్ నుంచి ఐ-10 మీద దాదాపు 430 మైళ్ళు, ఆరు గంటలకి పైనే. ఎల్ పాసో టైమ్ చలికాలంలో మనదే, కాబట్టి గంటల గొడవ లేదు. పాదం గాయంతో మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) సామ్ లెవిట్ అప్పటికే సీజన్‌కి దూరమయ్యాడు. 42-39తో ఓడిపోయాం. కానీ నలుగురు పట్టే కారులో, ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నంతో వెళ్ళే ఆటకి అంత లెక్కలు అక్కర్లేదు.

ఎఫ్-1 మీదున్న పిల్లలకి, హెచ్-1 వాళ్ళకి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఒక ముఖ్యమైన మాట. ఎల్ పాసో నుంచి తిరిగి వచ్చేటప్పుడు లాస్ క్రూసెస్ దాటాక ఐ-10 మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ ఉంటుంది. పాస్‌పోర్టు, ఐ-94 ప్రింట్, స్టూడెంట్లయితే ఐ-20, హెచ్-1 అయితే ఐ-797 అసలు కాగితాలు దగ్గర ఉండాలి. ఫోన్లో ఫోటో ఉంది కదా అని బయల్దేరొద్దు. విమానానికైనా అంతే: 2025 మే 7 నుంచి దేశం లోపలి విమానాలకి కూడా రియల్ ఐడీ (ఫెడరల్ నిబంధనలకి సరిపోయే గుర్తింపు కార్డు) కావాలి, మీ లైసెన్స్ మీద నక్షత్రం గుర్తు లేకపోతే పాస్‌పోర్టు తీసుకెళ్ళండి. అమ్మానాన్నలకి ఇండియన్ పాస్‌పోర్టు సరిపోతుంది.

ఆట రోజు

సంచి సంగతి: లోపలిది కనపడే ప్లాస్టిక్ సంచి మాత్రమే, 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు దాటకూడదు. చాలా స్టేడియాల్లో ఇదే కొలత. మామూలు హ్యాండ్‌బ్యాగ్ తీసుకెళ్తే వెనక్కి పంపుతారు. అట్లాంటా స్టేడియంలో నగదు తీసుకోరు, కార్డు ఉంచుకోండి. పైకప్పు ఉంది కాబట్టి చలి బాధ లేదు. పాసడీనాలో రోజ్ బౌల్ లాంటివి ఆరుబయట, ఎండ ఉన్నంతసేపు చొక్కా చాలు, కొండల వెనక పొద్దు వాలగానే స్వెటర్ కావాలి.

శాకాహారులకి లోపల దొరికేది ప్రెట్జెల్, నాచోస్, ఫ్రైస్. నాలుగు గంటలు వాటితో గడపడం కష్టం. వెళ్ళే ముందు కడుపు నిండా తినండి. మా వదిన ఆరుగంటలకే లేచి పులిహోర కలిపి, అరటాకు లేకపోయినా ఫాయిల్‌లో ఒక్కొక్కరికీ పొట్లం కట్టింది. నార్త్ స్ప్రింగ్స్ పార్కింగ్‌లో కారు డిక్కీ ఎత్తి అక్కడే తిన్నాం. పక్క కారులో దిగిన టెక్సాస్ దంపతులకి ఒక పొట్లం ఇస్తే, ఆయన వేరుశనగ గింజ నములుతూ "ఇందులో పులుపు ఏంటి?" అని అడిగాడు. చింతపండు అని చెప్పి, రైలు వచ్చేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఆట తెలియని పెద్దవాళ్ళని తీసుకెళ్తున్నారా? ఒక్క ముక్క చెప్పండి చాలు: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు దొరుకుతాయి, లేకపోతే బంతి వాళ్ళది. మిగతాదంతా జనం అరుపులే చెప్తాయి. బ్యాండ్లు వాయించేటప్పుడు మాత్రం సీటు వదిలి టాయిలెట్‌కి వెళ్ళకండి, అది వాళ్ళకి బాగా నచ్చే ఘట్టం.

తిరుగు ప్రయాణం మర్నాడే

మళ్ళీ అట్లాంటా సంగతికి వస్తే, కిక్ఆఫ్ ఒంటిగంటకి. నాలుగున్నరకి అయిపోతుందని లెక్కేసి, ఆ సాయంత్రమే తిరుగు విమానం కొన్నాడు మా స్నేహితుడు ఒకడు. నాలుగో క్వార్టర్‌లో టెక్సాస్ 24, మేం 8. వాడు లేచి, మా పిల్ల తల నిమిరి, "ఫోన్ చేస్తా" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

వాడు రైలెక్కే లోపు, బంతితో పరుగెత్తే మా ఆటగాడు కామ్ స్కాటబో పరుగెత్తాల్సింది పోయి బంతి విసిరాడు, 42 గజాల టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. దాని మీద రెండు పాయింట్లు. కాసేపటికి అతనే 62 గజాల పాస్ పట్టుకుని, తర్వాత బంతితో లోపలికి దూసుకెళ్ళాడు. మళ్ళీ టచ్‌డౌన్, మళ్ళీ రెండు పాయింట్లు. 24-24. చివరి సెకన్లలో టెక్సాస్ కొట్టిన కిక్ గోల్‌పోస్టుకి తగిలి బయటపడింది. ఆ "టంగ్" మన చెవికి వినపడేంత దూరం కాదు. కానీ నేను విన్నాననే మా అమ్మాయికి ఇప్పటికీ చెప్తాను, అది కూడా విన్నానంటుంది. రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి 39-31తో ఓడిపోయాం. మా అమ్మాయి నా జాకెట్‌లో మొహం పెట్టుకుని ఏడ్చింది. వెనక వరస నుంచి నారింజ చొక్కా వేసుకున్న ఒక పెద్దావిడ వంగి, దాని భుజం తట్టి, మీ కుర్రాళ్ళు గొప్పగా ఆడారమ్మా అంది.

మా స్నేహితుడు ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ వరసలో ఫోన్ పట్టుకుని అదంతా చూశాడు.

తిరుగు టికెట్ మర్నాడు మధ్యాహ్నానికి పెట్టుకోండి. పొద్దున లేచి రివర్‌డేల్ వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్ళండి, ఎయిర్‌పోర్టుకి దగ్గర. ఒకటో తారీఖున మనవాళ్ళ రద్దీ విపరీతం, రెండున కాస్త నయం. మేం వెళ్ళేసరికి ప్రసాదాల వరసలో మరూన్ చొక్కాలు ఇంకో రెండు కనపడ్డాయి. వాళ్ళు మమ్మల్ని చూసి చేతి వేళ్ళు మూడు పైకెత్తారు, మా జట్టు త్రిశూలం గుర్తు. మా అమ్మాయి ఒక చేత్తో పులిహోర దొన్నె పట్టుకుని, రెండో చేత్తో తనూ ఎత్తింది.